సుందరయ్య అంటే ఒక్క సైకిలేనా?

పుచ్చలపల్లి సుందరయ్య పేరు చెప్పంగనే అందరికీ సైకిలే యాదికొస్తది. మే నెల రాంగనే, పార్లమెంటుకు, అసెంబ్లీకి సైకిల్ మీద పోయిన నాయకుడని ఫోన్లల్ల ఫొటోలు తిరుగుతయ్. మంచిదే. కానీ సైకిల్ ఎవలన్న తొక్కొచ్చు. ఆ సైకిల్ దిగినంక ఆయన ఏం చేసిండన్నది మన పోరగాళ్లకు తెల్వాలె.

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడుల భూములున్న ఇంట్ల పుట్టిండు. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులం తోక తనే తీసేసుకున్నడు. 17 ఏండ్లకే చదువు ఇడిసిపెట్టి ఉప్పు సత్యాగ్రహంల దుంకిండు, జైలుకు పోయిండు. బయటికొచ్చి సొంతూర్లనే కూలీల సంఘం పెట్టిండు. తన లెక్క భూములున్నోళ్ల కాడనే కొట్లాట షురూ చేసిండన్నట్టు. వాటాకొచ్చిన ఆస్తి పార్టీకిచ్చిండు. 1943ల లీలమ్మను పెండ్లి చేసుకున్నడు. ఇద్దరూ అనుకొనే పిల్లలు వద్దనుకున్నరు.

తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపినోళ్లల్ల ఆయన ఒకడు. 1948 నుంచి 1952 దాకా అజ్ఞాతంలనే ఉన్నడు. తర్వాత ఆయనే రాసిన పుస్తకం లెక్క ప్రకారం 3 వేల ఊర్లల్ల 10 లక్షల ఎకరాలు పేదలకు పంచిర్రు. 4 వేల మంది పానాలు పోయినయ్. 1951ల పోరాటం ఆపిర్రు. ఆపుడు కరెక్టేనా అని ఇప్పటికీ వాదులాడుకునేటోళ్లున్నరు.

తుపాకీ దించినంక ఎన్నికల బాట పట్టిండు. 1952ల రాజ్యసభకు పోయిండు. 1955ల ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలొచ్చినయ్. అధికారం మాదే అనుకున్న కమ్యూనిస్టులకు 15 సీట్లే దక్కినయ్. ఆ 15 మందిల గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య ఒకడు. 1962ల మళ్లా అక్కడ్నే గెలిచిండు. 1964 చివర్ల సర్కారు జైల్ల పెడితే 1966ల గాని బయటికి రాలే. 1967 తర్వాత సభకు దూరమైండు. 1978ల 64 ఏండ్ల వయసుల గన్నవరం మళ్లా గెలిపించింది, 1983 దాకా ఉన్నడు. మొత్తం 17 ఏండ్లు ఎమ్మెల్యే. ఒక్కనాడు మంత్రి కాలే.

మరి మంత్రి కానోడు ఏం చేసినట్టు? లెక్కలు తీసిండు. కృష్ణా, గోదావరి నీళ్లు ఎట్ల వాడుకోవాలెనో ఏండ్ల తరబడి కాగితాలు తిరగేసిండు. 1974ల గుంటూరు జిల్లా అనంతవరంల సర్వే చేయించిండు. ఎవలికి ఎంత భూమి ఉంది, ఎవలు కౌలుకు చేస్తున్నరు, ఎవలు కూలికి పోతున్నరు అని రాయించిండు. అప్పుడాయన ఎమ్మెల్యే కాదు, దేశం మొత్తానికి సీపీఎం ప్రధాన కార్యదర్శి. అయినా ఒక ఊరి లెక్క చిన్న పని అనుకోలే. 30 ఏండ్ల తర్వాత పరిశోధకులు అదే ఊరికి పోయి, ఏం మారిందో ఆ సర్వేతోటి పోల్చి చూసిర్రు.

ఆయన చేసినవన్నీ ఒప్పులే అనలేం. 1962ల 51 సీట్లున్న పార్టీ 1964ల రెండు ముక్కలైంది. ఇక్కడ ఎర్రజెండాకు ఆ బలం మళ్లా రాలే. ఆ చీలికల ఆయన పాలు కూడా ఉంది. కానీ 1976ల పార్టీ తొవ్వ తనకు నచ్చనప్పుడు ప్రధాన కార్యదర్శి కుర్చీనే వదిలిపెట్టిండు. పార్టీని మాత్రం వదల్లే. రెండేండ్లకు మళ్లా ఓట్ల కోసం గన్నవరంల జనం ముందట నిలబడ్డడు.

1985 మే 19న పోయిండు. పిల్లలు లేరు, ఆస్తి లేదు. ఆయన పుస్తకాలు ఇప్పటికీ హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంల ఉన్నయ్.

రేపు మీ ఊరికి ఓట్లకొచ్చేటోడు ఏ బండిల దిగిండని చూసుడు బంద్ చేయిర్రి. మా ఊర్ల కౌలు రైతులు ఎంతమందో చెప్పన్నా అని అడుగుర్రి. చెప్పలేకపోతే, పోయి లెక్క తీసుకొని రమ్మనుర్రి.