జాషువ కవిత – పాఠక హృదయం

నవయుగ కవిచక్రవర్తిగా పేరొందిన గుఱ్ఱం జాషువ 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో లింగమాంబ, వీరయ్య దంపతులకు జన్మించారు. అస్పృశ్యుడని ఒకవైపు, క్రైస్తవుడై ఉండి పురాణ కథలను పద్యాలుగా వ్రాస్తున్నాడని మరొకవైపు నిందలు భరించారు. పద్యం విని మెచ్చుకొన్నవారే కులం తెలియగానే ముఖం త్రిప్పుకొన్న సందర్భాలు ఆయన జీవితంలో కలవు.

యౌవనంలో రాజమహేంద్రవరం చేరి, మూకీ చిత్రాలకు తెర ప్రక్కన నిలబడి కథ, సంభాషణలు చెప్పే పని చేశారు. మూగబొమ్మల పక్షాన మాట్లాడి ప్రేక్షకులను కదిలించే ఆ విద్య కవికి ఉపకరించి ఉంటుందనిపిస్తుంది. తరువాత గుంటూరులో ఉపాధ్యాయులుగా పనిచేశారు.

1932లో వెలువడిన 'ఫిరదౌసి' కావ్యం పారశీక కవి కథ. పద్యానికొక బంగారు నాణెమిస్తానన్న సుల్తాను మాట తప్పగా, ఏళ్ల తరబడి శ్రమించిన కవి గుండె పగిలింది. కథ పరదేశానిదే అయినా, ఆ అవమానం జాషువకు పరాయిది కాదు. అందుకే చదువరికీ పరాయిదిగా తోచదు.

ఆయన కీర్తికి శిఖరం 1941 నాటి 'గబ్బిలం'. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపాడు. జాషువ నాయకుడైన పేద అస్పృశ్యునికి ఉన్నది విరహం కాదు, ఆకలి. తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలంతో కాశీలోని శివునికి తన గోడు చెప్పి పంపుతాడు. గబ్బిలాన్నే ఎన్నుకోవడంలో సగం కావ్యం ఉంది! శకునం మంచిది కాదని లోకం చీదరించుకొనే ఆ ప్రాణికి గుడిలో వ్రేలాడే స్వేచ్ఛ ఉంది. మనిషికి గడప దాటే హక్కు లేదు. అంత బాధలోనూ అతడు దారిలోని చారిత్రక స్థలాలను మురిపెంగా వర్ణిస్తాడు. తనను వెలివేసిన నేలను తనదిగానే ప్రేమించే ఆ మనస్సే, కోపంకంటె ఎక్కువగా, చదువరిని నిలువునా కదిలిస్తుంది. పైగా ఆ వేదన పండితులు తమ సొత్తనుకొన్న ఛందస్సులోనే వినిపించింది. వినకుండా ఉండటానికి వారికి సాకు లేకపోయింది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఆయన 'శ్మశానవాటి' పద్యాలను నటులు హరిశ్చంద్ర నాటకంలోని కాటి ఘట్టంలో చేర్చుకొని పాడారు. రాజు, కవి, పసిబిడ్డ అందరూ చేరే ఆ చోట అంటరానితనానికి తావు లేదన్న పద్యాలవి. అవి ఎవరు వ్రాశారో తెలియని పల్లెజనం రాత్రివేళ తుండుగుడ్డతో కళ్లు తుడుచుకొని, మళ్లీ పాడమని కేకలు వేసేవారు.