రెడ్ క్రాస్ స్థాపకుడు హెన్రీ డ్యూనాంట్

మహాభారతమున యుద్ధపర్వములు ముగిసిన పిదప స్త్రీపర్వము వచ్చును. భర్తలను, కుమారులను, సోదరులను కోల్పోయిన కాంతలు రణభూమికి వచ్చి తమవారి కళేబరములను వెదకికొను ఆ ఘట్టమును తిక్కన సోమయాజి తెలుగున చదివినవారు మరువజాలరు. యుద్ధము యొక్క నిజమైన లెక్క విజేతల శిబిరమున గాక సామాన్యుల గృహములందు తేలునని మన పూర్వులెరుగుదురు. ఐనను ఆ సమరమునకు ఒక క్షేత్రమును, సూర్యాస్తమయముతో విరమించు ఒక నియమమును ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున రైలుబండియు, దూరపు గురిగల క్రొత్త ఫిరంగులును యుద్ధమున ప్రవేశించిన తరువాత ఆ ఎల్లలు చెరగిపోయెను. లక్షల సైన్యము కొలది దినములలో ఒకచోట చేరగలిగెను. ఒక్క పగటిలో వేలకు వేలు నేలగూలగలిగిరి. వారిని ఎత్తుకొని పోవుటకు మాత్రము తగినన్ని చేతులు లేకపోయెను.

ఈ క్రొత్త దారుణమును కన్నులార చూచి, చూచిన దానిని లోకమునకు తెలిపి, ఆ తెలుపుట వలననే చరిత్ర గతిని కొంత మార్చిన పురుషుడు హెన్రీ డ్యూనాంట్. ఆయన సేనాని కాడు, వైద్యుడు కాడు, రాజనీతిజ్ఞుడును కాడు. తన సొంత పని మీద దారిన పోవుచుండిన ఒక వర్తకుడు. న్యూఢిల్లీలో పార్లమెంటు భవనమునకు చేరువగా రెడ్ క్రాస్ పేర ఒక రోడ్డు కలదు. ఆఫీసులకు పోవుచు వచ్చుచు ఆ పేరును చూచిన మనలో చాలమందికి దాని వెనుకనున్న ఈ మనుష్యుని కథ తెలియదు.

డ్యూనాంట్ 1828వ సంవత్సరము మే 8వ తేదీన స్విట్జర్లాండులోని జెనీవా నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు, అనాథ బాలురకును, చెరసాలనుండి విడుదలయైన వారికిని తోడ్పడినవాడు. తల్లి రోగులను, పేదలను ఆదుకొనుచుండెడిది. దైవభక్తియు, దానశీలమును గల ఆ గృహమున పెరిగిన బాలునకు చదువు మాత్రము అంతగా అబ్బలేదు. పాఠశాల విడిచి ఒక బ్యాంకులో పని నేర్చుకొనెను. తీరిక వేళలలో ఖైదీలను, దరిద్రులను దర్శించుటయు, జెనీవాలో క్రైస్తవ యువజన సంఘమును నెలకొల్పుటకు పాటుపడుటయు ఆయన యౌవనకాలపు ముఖ్య వ్యాపకములు.

1853లో బ్యాంకు పని మీద ఆయన ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాకు పోయెను. అది నాడు ఫ్రెంచివారి పాలనలో ఉండెను. అచట భూమి సంపాదించి, ధాన్యము పండించి, పిండిమర నడుపవలెనని ఒక కంపెనీని స్థాపించెను. బంధువులును, మిత్రులును ఆయనను నమ్మి సొమ్ము పెట్టిరి. కాని మర నడుచుటకు కావలసిన నీటి హక్కును, భూమి హక్కును అధికారులు తేల్చరైరి. కాగితములు ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి పోవుచుండ ఏండ్లు గడచెను. విసిగిన డ్యూనాంట్ తిన్నగా ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియనునకే విన్నవించుకొన నిశ్చయించెను. చక్రవర్తి అప్పుడు ఇటలీలోని లంబార్డీ ప్రాంతమున యుద్ధము చేయుచుండెను. అర్జీ చేతబట్టుకొని డ్యూనాంట్ అచటికే బయలుదేరెను.

1859 జూన్ 24వ తేదీన సోల్ఫెరినో గ్రామ పరిసరములందు ఘోరయుద్ధము జరిగెను. ఒకవైపు ఫ్రెంచి, సార్డీనియా సైన్యములు. మరియొకవైపు ఆస్ట్రియా సైన్యము. మూడవ నెపోలియను, విక్టర్ ఇమ్మాన్యుయేలు, ఫ్రాన్సిస్ జోసెఫ్ అను మువ్వురు ప్రభువులు తమ తమ బలములతో ఆ దినమున రణరంగమున ఉండిరి. ఇరుపక్షముల సైనికులు కలిసి సుమారు 3 లక్షలు. తెల్లవారినది మొదలు సాయంకాలమువరకు మండుటెండలో పోరు సాగెను. తుదకు గాలివాన వచ్చి రణరంగమును ముంచెత్తెను. చీకటి పడునప్పటికి మృతులు, క్షతగాత్రులు కలిసి సుమారు 40,000 మంది. ఫ్రెంచి సైన్యమున వేయి గుర్రములకు నలుగురు పశువైద్యులుండగా వేయిమంది మనుష్యులకు ఒక్క వైద్యుడే ఉండెనట. ఆనాటి ప్రభుత్వములు దేనికి ఎంత విలువ కట్టినవో ఈ ఒక్క లెక్క చాలును.

డ్యూనాంట్ దాపుననున్న కాస్టిగ్లియోనె పట్టణమున దిగియుండెను. బండ్లమీదను, కంచరగాడిదల మీదను, నడువగలవారు కాలినడకను అచటికి గాయపడినవారు రాసాగిరి. కొలదివేల జనాభా గల ఆ చిన్న యూరిలో సుమారు 9,000 మంది క్షతగాత్రులు చేరిరి. చర్చీలు, మఠములు, పాఠశాలలు, ఇండ్ల అరుగులు, తుదకు వీధులు సైతము గడ్డి పరచిన పడకలయ్యెను. ఆహారము లేకపోలేదు, నీరు లేకపోలేదు. కాని అందించువారు లేక మనుష్యులు ఆకలిదప్పులతో ప్రాణములు విడుచుచుండిరి.

వేసవికి తగిన తెల్లని దుస్తులు ధరించి వచ్చిన ఈ బాటసారి, తన అర్జీ సంగతి మరచి, ఊరి పెద్ద చర్చిలో పనికి పూనుకొనెను. ఊరి స్త్రీలను, బాలికలను సమకూర్చి కట్లు కట్టించెను. పిల్లలచేత బిందెలతో నీరు తెప్పించెను. ఊరు చూడవచ్చిన ప్రయాణికులను సైతము బతిమాలి పనిలో దింపెను. తన బండివానిని బ్రేషియా నగరమునకు పంపి చొక్కాలు, కట్టుగుడ్డలు, నిమ్మపండ్లు, పంచదార, పొగాకు తెప్పించెను. పొగాకు పొగ పుండ్ల దుర్గంధమును కొంత కప్పివేయునని ఆయన కనిపెట్టెను. ఫ్రెంచివారికి పట్టుబడిన ఆస్ట్రియా వైద్యులను విడిపించి చికిత్సకు నియోగింపజేసెను. ఆయన ఏ దేశపువాడని అడుగక అందరికిని సమముగా సేవ చేయుట చూచి ఆ యూరి స్త్రీలును అటులే చేయసాగిరి. తమ నేలను పాలించిన ఆస్ట్రియా సైనికుని కూడ వారు సోదరునిగా భావించి నీరు పోసిరి. ఈ సోదరభావమే తరువాత ఒక మహాసంస్థకు బీజమయ్యెను.

అచట మరణించిన వారిలో ఇరువదియేండ్ల ప్రాయపు ఫ్రెంచి యువకుడొకడు ఉండెను. తన సమాచారము తండ్రికి వ్రాసి, తల్లిని ఓదార్చుమని అతడు డ్యూనాంటును వేడుకొనెను. లియాన్ నగరమున నివసించు ఆ దంపతులకు అతడొక్కడే కొడుకు; స్వచ్ఛందముగా సైన్యమున చేరినవాడు. సైన్యపు పట్టికలో అతని పేరునకు ఎదురుగా కనబడుట లేదని మాత్రమే వ్రాయబడెను. డ్యూనాంట్ వ్రాసిన జాబు తప్ప ఆ తలిదండ్రులకు వేరొక వార్త అందలేదు. ఆధునిక యుద్ధము మనుష్యుని చంపుటయే గాక అతని పేరును కూడ మాపివేయునని ఆయన అచట గ్రహించెను.

జెనీవాకు తిరిగి వచ్చిన పిదప ఆ దృశ్యములు ఆయనను విడువలేదు. 1862లో సోల్ఫెరినో జ్ఞాపకములను పుస్తకముగా వ్రాసి, 1,600 ప్రతులు తన సొంత ఖర్చుతో అచ్చొత్తించి, ఐరోపాలోని రాజులకు, మంత్రులకు, సేనానులకు పంపెను. యుద్ధకీర్తిని పాడు గ్రంథములకు అలవాటుపడిన ప్రభువులు ఇందు గాయములను, ఆర్తనాదములను చదివి చలించిరి. పుస్తకము చివర ఆయన రెండు ప్రతిపాదనలు చేసెను. శాంతికాలముననే ప్రతి దేశమందును క్షతగాత్రుల సేవకై స్వచ్ఛంద సంఘములను సిద్ధపరచవలెననునది మొదటిది. ఆ సేవకులను రక్షించుటకు దేశములన్నియు ఒక ఒడంబడిక చేసికొనవలెననునది రెండవది.

జెనీవా ప్రజాసంక్షేమ సంఘమునకు అధ్యక్షుడైన న్యాయవాది గుస్తావ్ మోయినియే ఈ ప్రతిపాదనలను పట్టుకొనెను. ఆయనయు, వృద్ధ సేనాని డ్యూఫోరును, అప్పియా, మౌన్వార్ అను వైద్యులును, డ్యూనాంటును కలిసి అయిదుగురి సంఘముగా ఏర్పడి 1863 ఫిబ్రవరి 17న మొదటి సమావేశము జరిపిరి. అదియే తరువాత అంతర్జాతీయ రెడ్ క్రాస్ సంఘమయ్యెను. మోయినియే క్రమశిక్షణ గల కార్యకర్త. డ్యూనాంట్ కలలు కనువాడు. రణరంగమున సేవచేయువారిని తటస్థులుగా పరిగణింపవలెనని డ్యూనాంట్ తన ఇష్టముననే ప్రచారము చేయగా అది అసాధ్యమని మోయినియే తలచెను. కాని ఆ అసాధ్యమే సాధ్యమయ్యెను. 1864 ఆగస్టు 22న 12 రాజ్యముల ప్రతినిధులు జెనీవాలో పది నిబంధనల ఒప్పందముపై సంతకములు చేసిరి. గాయపడిన సైనికుడు ఏ దేశమువాడైనను చికిత్సకు అర్హుడనియు, వైద్యులును, వైద్యశాలలును దాడికి గురి కారాదనియు, క్షతగాత్రునకు ఇంట చోటిచ్చిన గృహస్థుడు గౌరవింపబడవలెననియు అందు అంగీకరింపబడెను. తెల్లని గుడ్డపై ఎర్రని సిలువ అందరికిని గుర్తుగా నిర్ణయింపబడెను.

ఈ ప్రయత్నమును అందరును మెచ్చలేదు. క్రిమియా యుద్ధమున సేవచేసి ప్రసిద్ధినందిన ఫ్లారెన్స్ నైటింగేలు వంటి మహనీయురాలే దీనిని శంకించెను. తమ సైనికులను కాపాడుకొనుట ప్రభుత్వముల బాధ్యత కాగా, స్వచ్ఛంద సంఘములు ఆ భారమును మోసినచో యుద్ధము చేయుట ప్రభువులకు మరింత సులభమగునని ఆమె అభిప్రాయము. ఈ శంకకు నేటికిని పూర్తి సమాధానము లేదు. ఐనను కాస్టిగ్లియోనె చర్చిలో దాహముతో తపించు మనుష్యుని యెదుట నిలిచినవానికి ఈ తర్కమునకు తీరిక యుండదు గదా!

ఇంతలో ఆయన వ్యాపారము చెడెను. లోకహితమున మునిగిన డ్యూనాంట్ అల్జీరియా వ్యవహారమును అశ్రద్ధ చేసెను. 1867లో ఆయనకు సంబంధించిన జెనీవా బ్యాంకు ఒకటి కూలిపోగా ఆయన దివాలా తీసెను. నమ్మి సొమ్ము పెట్టినవారు నష్టపోయిరి. 1868లో జెనీవా న్యాయస్థానము వ్యవహారమున మోసము జరిగినదని ఆయనను దోషిగా తేల్చెను. తాను పుట్టించిన సంఘమునుండియే ఆయన తొలగిపోవలసి వచ్చెను. జీవితమున మరల జెనీవాలో అడుగుపెట్టలేదు. ఆయన తప్పును దాచిపెట్టుట చరిత్రకు న్యాయము కాదు. ఆ తప్పునకై ఆయన చెల్లించిన మూల్యమును మరచుటయు న్యాయము కాదు.

అటుపిమ్మట ఇరువది యేండ్లు ఆయన దేశదిమ్మరి. పారిస్ నగరమున రైలుస్టేషనులలో రాత్రులు గడపెను. వెలసిన కోటుకు సిరా పూసి నల్లగా చేసికొనెను. మాసిన కాలరునకు సుద్ద రాచి తెలుపు చేసికొనెను. రాజులతో సరసన కూర్చుండినవాడు రొట్టెల దుకాణము ముందు ఆకలితో నిలువవలసి వచ్చెను. తుదకు 1887లో స్విట్జర్లాండులోని హైడెన్ అను కొండయూరు చేరి, 1892 మొదలు అచటి వైద్యశాలలోని ఒక గదిలో కాలము గడపెను. రెడ్ క్రాస్ సంఘములు దేశదేశముల వర్ధిల్లుచుండ, స్థాపకుడు జీవించియున్నాడన్న సంగతియే లోకము మరచెను. 1895లో ఒక పత్రికారచయిత ఆయనను చూచి వ్యాసము ప్రకటింపగా లోకము ఉలికిపడెను.

1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమానమును డ్యూనాంటునకును, ఫ్రెంచి శాంతివాది ఫ్రెడరిక్ పాసీకిని పంచి యిచ్చిరి. యుద్ధబాధలను తగ్గించినవాడొకడు, యుద్ధమునే మాన్పజూచినవాడొకడు. నైటింగేలు లేవదీసిన శంక ఈ పంపకమునందును కానవచ్చుచున్నది. బహుమతి సొమ్మును డ్యూనాంట్ తనకై వాడుకొనలేదు. హైడెనులోని పేద రోగులకై ఒక ఉచిత పడకకును, ధర్మకార్యములకును దానిని వ్రాసియిచ్చెను. 1910 అక్టోబరు 30న ఆ గదిలోనే కన్నుమూసెను. ఆయన కోరికమేరకు జూరిచ్ నగరమున ఏ ఆడంబరమును లేక ఆయనను ఖననము చేసిరి. ఆయన జన్మదినమైన మే 8వ తేదీని నేడు ప్రపంచ రెడ్ క్రాస్ దినముగా జరుపుకొనుచున్నారు.

ఆయన పోయిన నాలుగేండ్లకే మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రములు దాటి పోయిరి. 70,000కు పైగా మరణించిరి. ఢిల్లీలోని ఇండియా గేటు రాళ్ళపై చెక్కిన 13,000కు పైగా పేర్లలో ఆ యుద్ధమున సమసినవారివి కలవు. ఆ కాలమున జెనీవాలో రెడ్ క్రాస్ వారు యుద్ధఖైదీల సమాచార కార్యాలయము తెరచి సుమారు 70 లక్షల కార్డులు వ్రాసిరి. మన దేశమున 1920 నాటి చట్టమువలన భారత రెడ్ క్రాస్ సంఘము ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధమునాటికి విమానము వచ్చి, ఇంటికిని రణరంగమునకును గల భేదమును తుడిచివేసెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడల మీద జపాను బాంబులు పడినప్పుడు ఆ సత్యము ఆంధ్రతీరమునకును తెలిసెను. సామాన్య ప్రజల రక్షణకై 1934లోనే టోకియోలో చిత్తు ఒప్పందము తయారైనను, ప్రభుత్వములు సంతకము చేయకమునుపే యుద్ధము వచ్చిపడెను. లక్షలాది నిరాయుధులు మడిసిన పిదప 1949 ఆగస్టు 12న నాలుగవ జెనీవా ఒప్పందము వారికి రక్షణ పలికెను. భారత పార్లమెంటు 1960లో జెనీవా ఒప్పందముల చట్టమును చేసెను. చట్టములున్నను నేటికిని యుద్ధములలో వైద్యశాలలు కూలుచున్నవి, పసివారు మడియుచున్నారు. ఒప్పందమున్నచో ఇది నేరమని చెప్పుటకైనను ఆధారముండును. లేనిచో అదియు లేదు.

ఫైళ్ళతోను, రిజిస్టర్లతోను దినములు గడపు మనవంటి ఉద్యోగులకు డ్యూనాంట్ చరిత్రలో తలచుకొనదగిన విషయమొకటి కలదు. ఏండ్ల తరబడి కదలని ఒక దరఖాస్తు ఆయనను సోల్ఫెరినోకు నడిపించెను. ఒక పట్టికలో సరిగా వ్రాయని పేరు లియాన్ నగరపు తలిదండ్రులను చీకటిలో ఉంచెను. అర్ధశతాబ్ది పిదప జెనీవాలో గుమాస్తాల వలె కూర్చుండి కార్డులు వ్రాసిన స్వచ్ఛంద సేవకులు ఎన్నియో గృహములకు తమ బిడ్డల జాడ తెలిపిరి. కాగితముపై వ్రాయు ప్రతి పేరు వెనుకను ఎదురుచూచు ఒక యిల్లు ఉండునని ఎరిగి పనిచేసినచో, ఆ కరుణామయునకు మనము అర్పింపగల నివాళి అదియే.