విద్యాభిక్షువు మాలవీయ పండితుడు

పండిత మదనమోహన మాలవీయగారు 1861 డిసెంబరు 25న ప్రయాగలో జన్మించిరి. తండ్రి వ్రజనాథులు భాగవతపురాణము చెప్పి, శ్రోతలు భక్తితో సమర్పించిన దానితోనే సంసారము గడపిన నిరాడంబరులు. దానమందలి పవిత్రతను మాలవీయగారు ఆ యింటనే యెరిగిరి.

కాశిలో హిందూ విశ్వవిద్యాలయమును నెలకొల్ప సంకల్పించియు, ఆయన తొందరపడి జోలె పట్టలేదు. 1905లో ప్రణాళికను అచ్చువేయించి పెద్దల యాలోచనకు పంపిరి. 1906 జనవరిలో ప్రయాగ కుంభమేళాయందు కూడిన సనాతనధర్మ మహాసభ దాని నామోదించెను. అనిబిసెంటుగారును, దర్భంగా మహారాజును వేర్వేరుగా విశ్వవిద్యాలయములను తలపెట్టియుండిరి. ఒకే దేశమును ముగ్గురు మూడు మార్గముల యాచించిన, మూడును నెరవేరవు. కనుక మాలవీయగారు పోటీకి దిగక, వారిరువురను కలుపుకొనిరి. 1911 డిసెంబరులో సంఘము రిజిస్టరు కాగా, దర్భంగా మహారాజు అధ్యక్షులైరి.

కోటి రూపాయలు లక్ష్యము. వృద్ధిలోనున్న న్యాయవాదవృత్తిని విడిచి, మాలవీయగారు ఊరూర తిరిగిరి. సంస్థానాధీశుల లక్షలను, సామాన్యుల రూపాయలను సమానవినయముతో గ్రహించిరి. 50 లక్షలు సమకూడినగాని శాసనము చేయజాలమని ప్రభుత్వము నిబంధన విధించెను. ఆ మొత్తమును చేకూరెను. 1915లో శాసనమయ్యెను. 1916 ఫిబ్రవరి 4న శంకుస్థాపన జరిగెను.

తరువాత దాదాపు 20 ఏండ్లు ఉపకులపతిగా నున్నను ఆయన యాచన మానలేదు. 1946 నవంబరు 12న కాశిలో దేహము చాలించిరి. తనకొరకు చాచిన చేయి మనుజుని చిన్నబుచ్చును. లోకముకొరకు చాచిన చేయి, ఇచ్చువానిని సైతము పెద్దచేయును.