ఆకాశమునుండి పాతాళమునకు: హోమీ భాభా చరిత్రము

గంగకు త్రిపథగ యని పేరు. ఆకాశమున పుట్టి, భూమిపై ప్రవహించి, పాతాళమునకు దిగినది గనుక ఆ పేరు వచ్చినది. కంటికి కానరాని మఱియొక ప్రవాహమును ఇట్టిదే కలదు. అది రేయింబవళ్లు ఆకాశమునుండి మన తలలపై కురియుచు, మన దేహములగుండ దూసుకొనిపోయి, నేలలోనికి ఇంకిపోవుచున్నది. అరచేయి చాచి నిలిచినచో క్షణమునకొక కణము చొప్పున దానిని దాటిపోవుచునే యుండును. శాస్త్రజ్ఞులు దీనికి విశ్వకిరణములని పేరిడిరి. ఈ ప్రవాహమును ఆకాశమునందును, భూమిపైనను, పాతాళమునందును వెదకుటకు మన దేశమున త్రోవ వేసిన మహాశయుడు హోమీ జహంగీర్ భాభా. అణుశక్తి సంస్థల స్థాపకుడుగా ఆయనను లోకమెల్ల ఎఱుగును. కాని ఆయన తొలి సాధన యంతయు ఈ కిరణములపైననే సాగినది.

ఈ కిరణములు పైనుండి వచ్చుచున్నవని తొలుత కనుగొన్నవాడు ఆస్ట్రియా దేశీయుడైన విక్టర్ హెస్. 1912వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన ఆయన బెలూను నెక్కి అయిదువేల మీటర్లకు మించిన యెత్తునకు పోయెను. నేలను విడిచి పైకి పోయిన కొలది కిరణముల బలము తగ్గునని పెక్కురు తలచుచుండగా, అది హెచ్చుట ఆయన చూచెను. అప్పటికి భాభాకు మూడేండ్లు నిండలేదు.

భాభా 1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయి నగరమున సంపన్నమైన పారశీక కుటుంబమున జన్మించెను. తండ్రి జహంగీర్ న్యాయవాది, తల్లి మెహర్‌బాయి. తాత హోర్ముస్‌జీ మైసూరు సంస్థానమున విద్యాశాఖకు పెద్దగా నుండినవాడు. ఇంట పుస్తకములకు కొదువ లేదు. బాల్యమునుండియు చిత్రలేఖనమును, సంగీతమును ఆయనకు ప్రాణములు. 1927లో కేంబ్రిడ్జికి పోయి యంత్రశాస్త్రము నభ్యసింప నారంభించెను. చదువు ముగిసిన పిమ్మట కుమారుడు జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున కొలువుతీరవలెనని తండ్రి కోరిక. కుమారుని మనస్సు మాత్రము భౌతికశాస్త్రముపై నుండెను. ఆ సంగతి దాచక తండ్రికి ఉత్తరము వ్రాసెను. మొదట యంత్రశాస్త్రమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనచో పిమ్మట ఇష్టమైన చదువు చదువవచ్చునని తండ్రి ఒప్పుకొనెను. 1930లో భాభా ఆ మాట నిలుపుకొని గణిత భౌతికశాస్త్రములకు మరలెను.

1937లో హైట్లర్ అను జర్మను పండితునితో కలిసి ఆయన ప్రకటించిన సిద్ధాంతము లోకప్రసిద్ధమైనది. మిక్కిలి శక్తిగల ఎలక్ట్రాను గాలిలోని పరమాణువును సమీపించినపుడు తన శక్తిలో కొంత కాంతికణముగా విడుచును. ఆ కాంతికణము జంటకణములుగా మాఱును. అవి తిరిగి కాంతికణములను విడుచును. ఒక తాత గడించిన నూఱెకరములు కొడుకులకు, మనుమలకు, మునిమనుమలకు పంపకమగుచు పోయినపుడు వారసుల సంఖ్య పెఱుగును, ఒక్కొక్కని వంతు తఱుగును. తుదకు పంచుటకు వీలులేని చెక్క మిగిలి పంపకము నిలిచిపోవును. కణముల వంశమును ఇట్టిదే. గాలిలో ఎంత లోతున ఎన్ని కణములుండునో లెక్కగట్టు విధమును ఆ యిరువురును చూపిరి. పైన ఒక్కటిగా ప్రవేశించిన కణము నేలకు చేరునప్పటికి పెద్ద జల్లుగా ఎట్లు మాఱునో లోకమునకు తెలిసినది.

1939లో భాభా సెలవునకు స్వదేశము వచ్చెను. సెప్టెంబరులో ఐరోపాయందు యుద్ధము చెలరేగెను. తిరిగిపోవు త్రోవ మూసుకొనెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో సర్ సి. వి. రామన్ భౌతికశాస్త్ర శాఖను నడుపుచుండిన కాలమది. భాభా అచ్చట చేరి, టాటా ధర్మనిధి సహాయమున విశ్వకిరణ పరిశోధన శాఖను నెలకొల్పెను. 1941లో, ముప్పదియొకటవ యేట, రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. అమెరికా సైనిక విమానములు యుద్ధకార్యమునకై వచ్చినపుడు వానిలో పరికరములను పైకి పంపి కిరణములను కొలిపించెను.

యుద్ధము ముగిసినంతనే కేంబ్రిడ్జికి మరలిపోవలెననియే ఆయన తొలుత తలచెను. అచ్చట కీర్తియు, సహచరులును, పరికరములును సిద్ధముగా నుండెను. ఇచ్చట అన్నియు క్రొత్తగా కూర్చుకొనవలసియుండెను. అయినను మనస్సు మాఱినది. తగిన ఆదరము లభించినచో స్వదేశముననే యుండి శాస్త్రపీఠములను నిర్మించుట తన ధర్మమని నిశ్చయించుకొనెను. 1944 మార్చిలో టాటా ధర్మనిధికి ఆ భావముతో ఉత్తరము వ్రాసెను. దాని ఫలముగా 1945 జూన్ 1వ తేదీన టాటా మౌలిక పరిశోధన సంస్థ బెంగుళూరులో వెలసి, ఆ యేటి చివర బొంబాయికి తరలెను.

కడుపునిండ కూడు లేని దేశమునకు ఆకాశపు కణముల లెక్క ఎందుకని ఎవరికైనను తోచును. ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. భాభా మార్గముననే దానికి సమాధానము కలదు. విశ్వకిరణములకు ధనిక దేశమనియు, పేద దేశమనియు భేదము లేదు. వానిని పుట్టించుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. పట్టుటకు నేర్పును, ఓర్పును కావలెను. పైగా మన నేలకు ఒక సహజసంపద కలదు. భూమి ఒక పెద్ద అయస్కాంతము. దాని మధ్యరేఖకు దగ్గఱనున్న సీమలలో ఆ అయస్కాంత బలము కావలివానివలె నిలిచి బలహీనకణములను త్రోసివైచి, మిక్కిలి బలముగలవానినే లోనికి విడుచును. హైదరాబాదు అట్టి చోట నున్నది. అందువలన భాభా సంస్థవారు 1960 ప్రాంతమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణనుండి పలుచని ప్లాస్టిక్కు బెలూనులను ముప్పది కిలోమీటర్లకు మించిన యెత్తునకు ఎగురవేసిరి. 1969లో ఆ నగరముననే స్థిరమైన బెలూను కేంద్రము ఏర్పడినది.

ఇది ఆకాశమార్గము. పాతాళమార్గము తెలుగువారు విరివిగా నివసించు కోలారు సీమలో నుండెను. అచ్చటి బంగారు గనులు మూడు కిలోమీటర్ల లోతునకు దిగియుండెను. విశ్వకిరణముల సంతతియైన మ్యువానులు రాతిలో ఎంత లోతునకు పోవునో తెలిసికొనుటకు బి. వి. శ్రీకంటన్ మొదలగువారు పరికరములతో గనిలోనికి దిగిరి. దిగిన కొలది లెక్క తగ్గెను. మిక్కిలి లోతైన చోట రెండు నెలలు వేచియున్నను ఒక్క కణమును కానరాలేదు.

చేతికి ఏమియు చిక్కని యా ఫలితమే గొప్ప లాభమైనది. రొద లేని చోటనే సన్నని స్వరము వినబడును. న్యూట్రినో యను కణమునకు విద్యుదావేశము లేదు. అది భూగోళమునే తేలికగా దాటిపోగలదు. ఎన్నో కోట్లలో ఏ యొక్కటియో పరమాణువును తాకును. ఇతర కణముల సందడి లేని తావుననే దాని జాడ తెలియును. కావున సుమారు రెండుకిలోమీటర్ల మూడువందల మీటర్ల లోతున, వేడిమి యుక్కపోతల నడుమ, కణము తాకినంతనే మినుకుమను పలకలను గోడలవలె నిలిపి, వాని మధ్య నియాను వాయువు నింపిన గాజు గొట్టములను పేర్చిరి. ప్రక్కనుండి వచ్చు మ్యువానులకై కనిపెట్టుకొని యుండిరి. ప్రక్కనున్న రాతిరాశిని దాటి పైనుండి యే మ్యువానును రాలేదు గనుక, అట్లు వచ్చినది న్యూట్రినో తాకుటచే సమీపమున పుట్టినదే కావలెను. శ్రీకంటన్, ఎం. జి. కె. మీనన్, వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి మొదలగువారును, జపానులోని ఒసాకా, ఇంగ్లాండులోని డర్హం విశ్వవిద్యాలయముల వారును కలిసి చేసిన యీ పరిశోధన 1965లో ఫలించెను. విశ్వకిరణములు గాలిలో పుట్టించిన న్యూట్రినోల జాడ దొరకెను. ఆ యేడే దక్షిణాఫ్రికా గనిలో అమెరికావారును దానిని కనిపెట్టిరి. కోలారు ఫలితము ఆగస్టు నెలలో కొలది దినములు ముందుగా అచ్చయినది. ఇరువది యేండ్ల క్రిందట వేసిన విత్తు పండుట భాభా కన్నులార చూచెను.

ఆ సంతోషము అట్టే కాలము నిలువలేదు. 1966 జనవరి 24వ తేదీన వియన్నాలోని అణుశక్తి సభకు పోవుచుండగా ఆయన యెక్కిన ఎయిరిండియా విమానము ఆల్ప్స్ పర్వతములలోని మౌంట్ బ్లాంక్ శిఖరమును తాకి నశించెను. అప్పటికి ఆయనకు ఏబదియాఱేండ్లు. వివాహమాడలేదు. 1948నుండి అణుశక్తి సంఘాధ్యక్షుడుగా నుండి, 1956లో అప్సర రియాక్టరును నడిపించిన కర్మదీక్షితుని దేహమును మంచుకొండ దాచుకొనినది.

ఆయన నాటిన తరువులు ఎండలేదు. పరికరములను విదేశములనుండి తెప్పించుకొనుటకంటె స్వయముగా చేసికొనవలెనను ఆయన పట్టుదల 1967లో హైదరాబాదున ఇ. సి. ఐ. ఎల్. సంస్థగా ఫలించినది. దానిని స్థాపించిన అయ్యగారి సాంబశివరావు భాభా వద్ద పనిచేసిన తెలుగు బిడ్డ, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామవాసి. కోలారు గనులు 2001లో మూతపడినవి. కాని అచ్చట మొదలైన అన్వేషణ ఆగలేదు. దక్షిణధ్రువమున ఒక ఘనకిలోమీటరు మంచులో అమర్చిన పరికరములు సూర్యకుటుంబమునకు ఆవలినుండి వచ్చు మహాశక్తిగల న్యూట్రినోలను కనుగొన్నట్లు 2013లో ప్రకటింపబడినది.

హైదరాబాదునుండి ఎగిరిన బెలూనుల పరికరములు గొడుగువంటి పారాచూటుతో తెలంగాణ పల్లెపొలములలో దిగుట కలదు. వానిని విప్పక, పగులగొట్టక, దగ్గఱనున్న పోలీసు ఠాణాకో, తపాలా కార్యాలయమునకో తెలుపవలెనని కేంద్రమువారు ప్రకటించుచుందురు. ఆ పెట్టెలో ఆకాశము వ్రాసిన లెక్క యుండును. విప్పినచో చెడును, కాపాడినచో లోకమునకు అందును. నాగలి పట్టిన రైతుకును ఈ మహాకార్యమున భాగము కలదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? పుస్తకముల నడుమ పెరిగిన బాలుడొకడు దేశమున కింత చేసెను. గ్రంథాలయపు బీరువా తెఱచుకొనియుండిన పల్లెలో అట్టి బాలుడు మఱియొకడు, అట్టి బాలిక మఱియొకతె పెరుగుచుండరని ఎవరు చెప్పగలరు?