దీనుల పక్షమున డొరొతియా డిక్స్

కన్ను లేనివానికి చేయూత నిచ్చుటకును, కాలు లేనివానికి కర్ర నందించుటకును లోకమున ఎవరో ఒకరు ముందునకు వత్తురు. మతి చలించినవానిని కట్టి ఒక మూల పడవేయుటకు తప్ప వాని చేరువకు పోవువారు పూర్వకాలమున మిక్కిలి అరుదు. వాని మాటకు అర్థము లేదు గనుక వాని బాధకును అర్థము లేదని జనులు తలచిరి. ఈ తలంపు ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ తలంపును ఎదిరించి, అట్టివారి పోషణము దయగలవారు వేయు భిక్షము కాదనియు, రాష్ట్ర ప్రభుత్వము శాసనము చేసి వహింపవలసిన బాధ్యత యనియు జీవితమంతయు వాదించిన స్త్రీ డొరొతియా డిక్స్.

ఆమె 1802వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన, ఇప్పటి మెయిన్ రాష్ట్రములోని హాంప్‌డెన్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి జోసెఫ్ డిక్స్ ఊరూర తిరుగు మతప్రచారకుడు. ఇల్లు గడచుట కష్టముగా ఉండెడిది. తండ్రి పంచిపెట్టు ధర్మబోధల కాగితములను మడిచి కుట్టుట ఆ పిల్లకు నిత్యకృత్యము. ఆటపాటల యీడు సూదిదారములతోనే గడచిపోయెను. పండ్రెండవ యేట ఆమె ఆ ఇల్లు విడిచి బోస్టను నగరములోని నాయనమ్మ చెంత చేరెను. నాయనమ్మ కలిగినదే గాని ముద్దుమురిపెములు ఎరిగినది కాదు. చదువు మాత్రము అచ్చట దొరకెను. పదునాలుగేండ్లకే డొరొతియా ఉస్టర్ పట్టణమున పిల్లలకు బడి పెట్టి, తన చిన్నతనము కనబడకుండుటకై పెద్దవారి దుస్తులు ధరించి పాఠములు చెప్పెనట.

తరువాత బోస్టనులో ఆమె నడపిన బడికి మంచి పేరు వచ్చెను. 1824లో ఆమె ప్రకటించిన బాలల పుస్తకము, తల్లియు కూతురును నిత్యము కంటబడు వస్తువులను గూర్చి మాటాడుకొనునట్లు వ్రాసినది, అనేక పర్యాయములు అచ్చుపడెను. కాని ఊపిరితిత్తుల జబ్బు ఆమెను వదలలేదు. 1836లో పూర్తిగా కుప్పకూలి, వైద్యుల సలహాపై ఇంగ్లండు ప్రయాణమయ్యెను. లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అను ఉదారుని ఇంట ఏడాదికి మించి విశ్రమించెను. ఆ ఇంటికి సంఘసంస్కర్తలు వచ్చి పోవుచుండెడివారు. ఆ దేశమున యార్క్ నగరమందు విలియం ట్యూక్ అను వర్తకుడు 1796లోనే ఒక శరణాలయమును తెరచి, ఉన్మాదులను గొలుసులతో కట్టక, మంచి మాటతోను చేతికి పనితోను కుదుటపరచవచ్చునని చూపియుండెను. స్వదేశమునకు తిరిగివచ్చునప్పటికి నాయనమ్మ గతించి, కొంత ఆస్తి ఆమెకు సంక్రమించెను. మితముగా బ్రతుకుటకు అది చాలును. పెండ్లి చేసికొనలేదు. చేయవలసిన పని ఏదియో ఆమెకే తెలియక నాలుగేండ్లు గడచెను.

1841వ సంవత్సరము మార్చి 28వ తేదీ ఆదివారమున ఆ పని ఆమెకు ఎదురువచ్చెను. ఈస్ట్ కేంబ్రిడ్జ్ కారాగారమున స్త్రీఖైదీలకు ఆదివార పాఠము చెప్పుటకు ఆమె వెళ్లెను. పాఠము ముగించి లోపలి గదులను చూడగా, ఏ నేరమును చేయని మతిచలించిన స్త్రీలు కొందరు నిప్పు లేని గదిలో చలికి ముడుచుకొని కనబడిరి. ఆ దేశపు చలి మనకు తెలిసిన చలి వంటిది కాదు. మార్చి మాసమునను మంచు కురియును. పొయ్యి ఏల లేదని అడుగగా, పిచ్చివారికి చలి తెలియదనియు, వారి యెదుట నిప్పు పెట్టుట అపాయమనియు జైలరు సమాధానము. అతడు క్రూరుడై అట్లు పలికినవాడు కాడు. అందరును నమ్మినదే అతడును నమ్మెను. డొరొతియా వాదమునకు దిగక న్యాయస్థానమున మొర పెట్టి ఆ గదికి పొయ్యి తెప్పించెను.

పొయ్యి వచ్చెను గాని ఒక ప్రశ్న మిగిలెను. ఒక్క కారాగారమున ఇట్లుండగా తక్కిన ఊళ్ల సంగతి ఏమి? ఆ కాలపు ఏర్పాటు తెలిసిననే గాని ఆ ప్రశ్న బరువు మనకు తెలియదు. బీదవాడు గాని, మతిలేనివాడు గాని ఏ ఊరివాడో ఆ ఊరే వాని పోషించవలెనని చట్టము. ఊరిపెద్దలు పన్ను పెరుగునని భయపడి ఎంత చౌకగా తీరిన అంత మేలనుకొనెడివారు. మన ఊళ్లలో చెరువు చేపలకు పాట పెట్టుదురు గదా! అక్కడ కొన్ని ఊళ్లలో మనుష్యులకే పాట పెట్టెడివారు. అదియు తలక్రిందుల పాట: ఎవడు అందరికంటె తక్కువ సొమ్ము తీసికొని పోషింతునని ఒప్పుకొనునో వానికే ఆ నిర్భాగ్యుని అప్పగింతురు. అట్టి పోషణ ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. మసాచుసెట్స్ రాష్ట్రమువారు 1833లో ఉస్టర్‌లో ఒక ఆసుపత్రిని తెరచియుండిరి. కాని అందు చోటు చాలదు. కుదరదని తేలిన రోగిని తిరిగి ఊరికే పంపుచుండిరి.

ఆమె ఒక నోటుపుస్తకమును చేతబట్టి బయలుదేరెను. రెండేండ్లకు దగ్గరగా ఆ రాష్ట్రమునందలి కారాగారములను, బీదల సత్రములను తిరిగి, తాను కన్నది కన్నట్లు, ఊరి పేరుతో సహా వ్రాసికొనెను. విన్నదానిని నమ్ముకొనలేదు, తలుపు తీయించి చూచెను. మెడ్‌ఫర్డ్‌లో ఒకడు పదునేడు సంవత్సరములుగా పశువుల కొట్టము వంటి ఇరుకు చోటున మూయబడి యుండెను. లింకన్‌లో ఒక స్త్రీ బోనులో నుండెను. ఇట్టివి పుటలు పుటలుగా నిండెను.

1843 జనవరిలో ఆమె వీనినన్నిటిని ఒక విజ్ఞాపన పత్రముగా కూర్చి మసాచుసెట్స్ శాసనసభకు సమర్పించెను. మన ఊళ్లలో మహజరు అందుమే, అట్టిది. ఆనాడు స్త్రీకి ఓటు లేదు, సభలో నిలిచి మాటాడు ఆచారమును లేదు. కావున ఆ పత్రమును సభయెదుట పెట్టినవాడు సభ్యుడైన డాక్టరు శామ్యూల్ గ్రిడ్లీ హౌ. అంధుల పాఠశాలను నడపుచు, చూపును వినికిడియు రెండును లేని లారా బ్రిడ్జ్‌మన్ అను బాలికకు భాష నేర్పి ప్రసిద్ధికెక్కినవాడు ఇతడే. పత్రము బయటపడగానే ఊళ్ల అధికారులు మండిపడిరి. అంతయు కల్పన యనిరి, స్త్రీకి తగని సాహసమనిరి. అయితే ఊరి పేరు వ్రాసియుండుటచే ఎవరైనను పోయి చూడవచ్చును. అదియే ఆమె బలము. ఉస్టర్ ఆసుపత్రిలో మరి రెండువందల మందికి చోటు కల్పించుటకు సభ ఒప్పుకొనెను.

అది మొదలు ఆమెకు నిలకడ లేదు. బండ్లలోను, పడవలలోను, కొత్తగా వేసిన రైళ్లలోను రాష్ట్రము వెంట రాష్ట్రము తిరిగెను. మూడేండ్లలో పదివేల మైళ్లకు పైగా పయనించి, 18 రాష్ట్ర కారాగారములను, 300 జిల్లా జైళ్లను, 500కు మించిన బీదల సత్రములను చూచెను. ప్రతి చోటను ఒకటే పద్ధతి: ముందు చూచుట, పిదప వ్రాయుట, ఆ పిదప సభ్యులను ఒక్కొక్కరిని తాను బసచేసిన ఇంటికి పిలిచి నెమ్మదిగా నచ్చజెప్పుట. ఉపన్యాసములు చేయదు, ఊరేగింపులు నడపదు. పేరు కొరకు ఆశపడదు.

న్యూజెర్సీలో ఒక సత్రపు నేలమాళిగలో దిక్కులేక పడియున్న వృద్ధుడొకడు ఆమె కంటబడెను. విచారింపగా అతడు ఒకప్పుడు న్యాయాధికారిగను, శాసనసభ్యుడుగను గౌరవమందినవాడని తెలిసెను. 1845లో ఆమె ఆ సంగతిని ఆ రాష్ట్రపు సభకే వ్రాసి పంపెను. అతడు ఒకనాడు కూర్చున్న సభయే అతని గతిని చదివెను! ఆ యేడే శాసనమయ్యెను. 1848లో ట్రెంటన్ సమీపమున ఆసుపత్రి తెరవబడెను. దానిని ఆమె తన తొలిచూలు బిడ్డగా భావించెడిది.

ఉత్తర కారొలీనా కథ వేరు. 1848 చివర అచ్చట బిల్లు ఖర్చునకు జడిసిన సభ్యుల చేతిలో ఓడిపోయెను. ఆమె బసచేసిన హోటలులోనే జేమ్స్ డాబిన్ అను సభ్యుని భార్య లూయిసా జబ్బుపడి యుండెను. డొరొతియా ఆమె పడక చెంత కూర్చుండి పరిచర్య చేసెను. లూయిసా మరణించుచు, ఆ బిల్లునకు సాయపడుమని భర్తను కోరెను. డాబిన్ భార్యను మట్టిచేసి సభకు తిరిగివచ్చి మాటాడిన పిమ్మట బిల్లు గట్టెక్కెను. ఆ ఆసుపత్రికి తన పేరు పెట్టుటకు డొరొతియా ఒప్పుకొనలేదు. కట్టిన కొండకు మాత్రము తన తాతగారి జ్ఞాపకార్థము డిక్స్ పేరుంచుటకు సమ్మతించెను.

ఇచ్చట ఒక మాట దాచుట న్యాయము కాదు. దక్షిణ రాష్ట్రములలో ఆమె తిరిగిన దారుల కిరువైపులను నీగ్రో బానిసలు చాకిరి చేయుచుండిరి. వారిని గూర్చి ఆమె నోరు విప్పలేదు. విప్పినచో ఆ సభల తలుపులు మూసికొనిపోవునని ఆమె భయము కావచ్చును. ఒక సంకెలను తెంచుటకై మరియొక సంకెలను చూడనట్లుండిన ఈ మౌనము ఆమె చరిత్రమున తీరని లోపమే.

రాష్ట్రమొక్కొక్కటిని వేడుకొనుట కంటె దేశమంతటికి ఒక స్థిరమైన నిధి ఏర్పడిన బాగుండునని ఆమెకు తోచెను. ప్రభుత్వపు బంజరు భూములను రైలు కంపెనీలకు ధారాళముగా ఇచ్చుచున్న దినములవి. 1848లో ఆమె జాతీయ శాసనసభయగు కాంగ్రెసును భూమి అడిగెను. కోరిక పెరిగి పెరిగి 1,22,25,000 ఎకరములయ్యెను. అందు కోటి ఎకరములు మతిచలించినవారికి, మిగిలినవి గ్రుడ్డివారికి, చెవిటి మూగవారికి. కాంగ్రెసువారు తమ భవనపు గ్రంథాలయములో ఒక మూలను ఆమెకు కేటాయించిరి. పుస్తకముల బీరువాల నడుమ ఆ మూల కూర్చుండి, వచ్చిన సభ్యునికెల్ల తన లెక్కలు చూపుచు ఆమె సంవత్సరములు గడపెను. 1854లో ఉభయసభలును బిల్లును ఆమోదించినవి. ఆరేండ్ల శ్రమ ఫలించెనని అభినందనలు వచ్చుచుండగనే, మే 3వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ సంతకము చేయ నిరాకరించెను. దీనులను పోషించుట రాష్ట్రముల పని యనియు, కేంద్రమునకు అట్టి అధికారము రాజ్యాంగము ఇయ్యలేదనియు అతని వాదము. ఆ నిరాకరణమును తోసిపుచ్చుటకు సభలో చాలినంత బలము దొరకలేదు. ఈ వాదము మాటున కేంద్రప్రభుత్వము చిరకాలము తప్పించుకొని తిరిగెను. 1935లో సాంఘిక భద్రతా చట్టము వచ్చి అంధులకు కేంద్రపు సాయము ఏర్పడు వరకు ఎనుబది యేండ్లు గడచినవి.

మనసు విరిగి ఆమె ఐరోపాకు పోయెను. విశ్రాంతి కొరకని పేరు. 1855లో స్కాట్లండులో అచటి ఉన్మాదుల దుస్థితి చూచి లండనుకు పరుగెత్తి రాజవిచారణ సంఘమును వేయించెను. 1857లో ఆ దేశమునకు కొత్త చట్టము వచ్చెను. రోములో పోపు తొమ్మిదవ పయస్ దర్శనము చేసికొని అచటి శరణాలయపు సంగతియు చెప్పెను. అమెరికా అంతర్యుద్ధము 1861లో రాగా సైన్యపు నర్సులకు అధిపతియై జీతము లేక పనిచేసెను. ఒంటరిగా పనిచేయుటకు అలవాటుపడిన మనిషికి వైద్యులతోను సైనికాధికారులతోను పొసగలేదు. ఆ నాలుగేండ్లలో ఆమెకు వచ్చిన పేరు కంటె వచ్చిన తగవులే ఎక్కువ.

యుద్ధానంతరము ఆమె తన ఆసుపత్రులను మరల చూడబోయెను. ముప్పదికి పైగా ఆసుపత్రులు ఆమె కృషివలన వెలసినవో, పెరిగినవో అని లెక్క. కాని రెండువందల మందికి కట్టినచోట అంతకు ఎన్నియో రెట్లు జనమును కుక్కుచుండిరి. సొమ్ము చాలదు, పనివారు చాలరు. గొలుసులు మరల రాసాగినవి. కట్టడము కట్టించుటకు ఒక శాసనము చాలును. దానిని మంచిగా నడపుటకు ఏటేట సభ సొమ్ము మంజూరు చేయవలెను, ఏటేట ఎవరో ఒకరు పోయి తలుపు తీయించి చూడవలెను. అరువది దాటిన ఒక్క స్త్రీ ఎన్ని తలుపులు తీయించగలదు? అయినను బలమున్నంతవరకు తిరిగెను.

1881లో జబ్బుపడి ఆమె ట్రెంటన్ ఆసుపత్రికి చేరెను. సొంత ఇల్లు అనునది ఆమెకు ఎన్నడును లేదు. న్యూజెర్సీ సభవారు ఆ ఆసుపత్రిలోనే ఆమె బ్రతికినంతకాలము ఉండుటకు గదులిచ్చిరి. అచ్చటనే ఆరేండ్లు గడపి, 1887వ సంవత్సరము జూలై 17వ తేదీన, ఎనుబదియైదవ యేట కన్నుమూసెను. బోస్టను చెంతనున్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఆమెను సమాధి చేసిరి. ఉత్తర కారొలీనా ఆసుపత్రికి ఆమె వలదన్న పేరును 1959లో పెట్టిరి.