షార్లట్ బ్రాంటీ: ప్రేమయు ధర్మమును

ఆంగ్ల రచయిత్రి షార్లట్ బ్రాంటీ 1816 ఏప్రిల్ 21వ తేదీన యార్క్‌షైరులోని థార్న్‌టన్ గ్రామమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. ఐదేండ్ల ప్రాయమున తల్లిని, తొమ్మిదేండ్ల ప్రాయమున ఇద్దరక్కలను కోల్పోయెను. పెరిగి పెద్దదై, జీవనోపాధికై ధనికుల యిండ్లలో పిల్లలకు పాఠములు చెప్పెను.

1842లో ఫ్రెంచి భాషాభ్యాసమునకు బ్రస్సెల్స్ నగరమున కేగి, అచ్చటి గురువగు హెగెర్‌పై మనసు నిలుపుకొనెను. ఆయన వివాహితుడు, బిడ్డల తండ్రి. 1844లో ఆమె స్వదేశమునకు మరలివచ్చెను. ఆమె వ్రాసిన లేఖలకు ప్రత్యుత్తరములు క్రమముగా ఆగిపోయెను.

1847లో కరర్ బెల్ అను మారుపేరుతో ‘జేన్ ఐర్’ నవలను ప్రకటించెను. అందు పేద ఉపాధ్యాయిని జేన్ తన యజమాని రోచెస్టరును ప్రేమించును. పెండ్లినాడు, చర్చిలో, ఆతని భార్య జీవించియే యున్నదనియు, మతి చెడిన ఆమెను ఆ భవనపు పైయంతస్తుననే దాచియుంచిరనియు బయల్పడును. జేన్ ప్రేమను చంపుకొనలేదు. ప్రేమించుచునే ఆ యిల్లు విడిచిపోయెను. ఆమెను నడిపించినది లోకభీతి కాదు, ఆత్మగౌరవము. ఆ భార్య మరణించి, రోచెస్టరు అంధుడైన పిమ్మటనే వారి వివాహము జరుగును.

1848, 1849 సంవత్సరములలో షార్లట్ సోదరుడును, ఇద్దరు చెల్లెండ్రును గతించిరి. తండ్రి మొదట అంగీకరింపకున్నను, 1854 జూన్ మాసమున ఆర్థర్ బెల్ నికల్స్‌ను వివాహమాడెను. 1855 మార్చి 31వ తేదీన కన్నుమూసెను. తన కథానాయిక కొసగిన దాంపత్యమును ఆమె తొమ్మిది మాసములే అనుభవించెను.