జాన్ హేవుడ్ జీవితము

షేక్‌స్పియరు జన్మించుటకు పూర్వమే ఆంగ్లేయులను నవ్వించుచు బుద్ధి గరపిన నాటకకర్తలలో జాన్ హేవుడ్ ముఖ్యుడు. ఇతడు రమారమి 1497వ సంవత్సరమున జన్మించెను. ఎనిమిదవ హెన్రీ రాజు కొలువున గాయకుడుగను, వాద్యకారుడుగను ప్రవేశించి, మహాపండితుడగు సర్ థామస్ మోర్ మేనకోడలిని పెండ్లాడెను.

ఆ కాలమున పాపక్షమాపణ పత్రముల నమ్మువారును, భిక్షుసన్న్యాసులును ఊరూర దిరుగుచుండిరి. ఏవో యెముకలను జూపి, ఇవి పరిశుద్ధులవని నమ్మించి, పేదలయొద్ద కాసులు గైకొనుట వారిలో ననేకులకు వాడుక. హేవుడ్ ఈ ధనాశను తన ప్రహసనములలో బట్టబయలు గావించెను. 1533లో అచ్చుపడిన యొక ప్రహసనమున పత్రముల నమ్మువాడును, భిక్షుసన్న్యాసియు నొకే దేవాలయమున, నొకే సమయమున ప్రసంగింప మొదలిడుదురు. ఒకని మాట నింకొకడు వినబడనీయడు. ధర్మము బోధించు నోళ్లు తిట్లకు దిగును. పిమ్మట చేతులు కలియును. మాన్పవచ్చిన గ్రామగురువునకును దెబ్బలే దక్కును. వేరొక నాటకమున నట్టి వర్తకుడే త్రియేకదేవుని కాలి బొటనవ్రేలు తనయొద్ద గలదని చాటును. ఆత్మస్వరూపికి బొటనవ్రేలెక్కడిదని ప్రేక్షకులు నవ్వకుందురా?

ఇట్లు వ్రాసినవాడు సంస్కరణపక్షమువాడని చదువరులు తలంతురేమో. అట్లు గాదు. హేవుడ్ గురువుల లోభమును పరిహసించెనే గాని రోమను సంఘమును విడువలేదు. 1534లో రాజు ఆంగ్లసంఘమునకు తానే శిరస్సునని శాసనము చేయించెను. దాని నంగీకరింపని మోర్ 1535లో శిరచ్ఛేదము పొందెను. ఆర్చిబిషప్పు క్రాన్మరునకు విరుద్ధమైన కుట్రలో హేవుడ్‌కును మరణశిక్ష విధింపబడెను. 1544లో లండనునందలి సెంటుపాల్ దేవాలయ ప్రాంగణమున ప్రజల యెదుట తప్పొప్పుకొని ప్రాణము దక్కించుకొనెను. మేరీ రాణి యేలుబడిలో మరల నాదరణ నొందెను. ఎలిజబెత్ కాలమున, 1564లో, వార్ధక్యమున స్వదేశమును విడిచి సముద్రము దాటి మెహెలెన్ నగరము జేరెను. 1580 ప్రాంతమున పరదేశముననే కన్నుమూసెను.

ఇతని కుమారు లిరువురు జెస్యూటు గురువులైరి. దౌహిత్రుడగు జాన్ డన్ మహాకవియై, తాత తలవంచుకొని నిలిచిన యా సెంటుపాల్ దేవాలయమునకే 1621లో సంస్కృతసంఘపు డీనుగా నియమింపబడెను.

ఇంటిలోని బూజు దులుపువాడు ఇంటికి శత్రువు గాడు. తన సంఘపు దోషములను దాచక చాటి, ఆ సంఘము నిమిత్తమే దేశమును గోల్పోయిన హేవుడ్ చరిత్రము విద్యార్థులకు స్మరణీయము.